మీరడిగారు: రాజ్యాంగంలో ఎక్కడ సర్దుకున్నారు, ఎక్కడ సర్దుకోలేదు

ప్రశ్న: సార్, నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎంఏ చదువుతున్నాను. మన రాజ్యాంగం అంతా రాజీల మూటనీ, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకో ఆర్టికల్ ఇచ్చి ఊరుకోబెట్టారనీ మా హాస్టల్లో ఒకటే వాదన. నిజమేనా?
– ఒక విద్యార్థి, పెదవాల్తేరు

జవాబు: సగం నిజం తమ్ముడూ. రాజీలు చాలానే ఉన్నాయి, దాచాల్సిన పనేం లేదు. రాజ్యాంగ సభ 1946 డిసెంబర్ 9న మొదటిసారి కూర్చుని 1949 నవంబర్ 26న ఆమోదించేదాకా దాదాపు మూడేళ్లు పట్టింది, ఈలోపు దేశమే రెండు ముక్కలైంది, ముసాయిదా మీద ఏడు వేల పైచిలుకు సవరణలకి నోటీసులొస్తే అందులో 2,473 సభలోకి వచ్చాయి. అంతమంది అన్ని రకాలుగా మాట్లాడేచోట సర్దుకోకుండా ఒక్క పేజీ కూడా ముందుకి కదలదు కదా. ఆ రాజీ వల్ల నష్టపోయిందెవరు, తర్వాత వచ్చేవాళ్లు దాన్ని మార్చుకునే దారి ఉంచారా లేదా, నేనైతే ఈ రెండే చూస్తాను.

భాష గొడవే తీసుకోండి. హిందీ ఒక్కటే ఉండాలని ఒక పక్క పట్టు, మా మీద రుద్దితే ఊరుకోం అని దక్షిణాది సభ్యులు ఇంకో పక్క, చివరికి అంకెలు ఏ లిపిలో రాయాలన్న దాని మీద కూడా ఘోరంగా కొట్టుకున్నారు. 1949 సెప్టెంబర్ 14న సభ్యులు మున్షీ, అయ్యంగార్ పేర్ల మీద మున్షీ–అయ్యంగార్ ఫార్ములా అని ఒకటి ఒప్పుకున్నారు, కేంద్రానికి అధికార భాష హిందీ, కానీ పదిహేనేళ్లు ఇంగ్లీషు కూడా నడుస్తుంది, అంకెలు మాత్రం ప్రపంచమంతా వాడేవే. ఎవరికీ పూర్తిగా నచ్చలేదు. అయినా గడువు పెట్టారు, ఆ గడువు తర్వాత ఏం చెయ్యాలో పార్లమెంటుకి వదిలారు, 1963 అధికార భాషల చట్టంతో ఇంగ్లీషుని కొనసాగించుకోగలిగాం. ఇలాంటి రాజీని నేను తప్పు పట్టను, ఎందుకంటే ఎవరి నోరూ నొక్కలేదు, టైమ్ కొనుక్కున్నారంతే.

భాషా రాష్ట్రాల సంగతీ అంతే, అప్పటికప్పుడు తేల్చకుండా ఆర్టికల్ 3 పెట్టి పార్లమెంటుకి వదిలారు. మామూలు మెజారిటీతో కొత్త రాష్ట్రం చెయ్యొచ్చు, ఉన్న రాష్ట్రం అభిప్రాయం అడగాలి కానీ ఒప్పుకోవాలని లేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఆ దారిలోనే వచ్చింది, పొట్టి శ్రీరాములు గారి ప్రాణం పోయాక. 2014లో విడిపోయిందీ ఆ దారిలోనే.

ఇక నాకు ఇప్పటికీ మింగుడుపడని రాజీ ఆర్టికల్ 21. మనిషి ప్రాణం, స్వేచ్ఛ తియ్యాలంటే ఆ చట్టమే న్యాయంగా ఉందా లేదా అని కోర్టు చూడగలిగే మాట మొదట్లో ముసాయిదాలో ఉంది. రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్.రావు గారు అమెరికా వెళ్లి అక్కడి సుప్రీంకోర్టు జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్‌ని కలిసొచ్చారు, జడ్జీల చేతిలో అంత అధికారం పెట్టొద్దని ఆయన సలహా, దాంతో ఆ మాట తీసేసి "చట్టం నిర్ణయించిన పద్ధతి ప్రకారం" అని పెట్టారు. అంటే పద్ధతి ఏదో ఒకటి చట్టంలో రాసుంటే చాలు. సభలో చాలామందికి నచ్చలేదు, 1948 డిసెంబర్ 13న అంబేద్కర్ గారు రెండు వైపులా ప్రమాదమే ఉందని చెప్పి నిర్ణయం సభకే వదిలేశారు, సభ పాస్ చేసింది. ఆ అసంతృప్తి పోక మరుసటి ఏడాది సెప్టెంబర్లో అరెస్టైనవాళ్ల కోసం ఇప్పటి ఆర్టికల్ 22 తెచ్చారు, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకి తీసుకెళ్లాలి, లాయర్‌ని పెట్టుకోవచ్చు, ఇవన్నీ అందులోవే. కానీ అదే ఆర్టికల్లో విచారణ లేకుండా ముందస్తుగా నిర్బంధించడానికి కూడా చోటిచ్చారు, అది నాకు బాధ. 1978లో మేనకా గాంధీ కేసులో ఆ పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండి తీరాలని సుప్రీంకోర్టు అనేదాకా 28 ఏళ్లు, ఈలోపు జైళ్లలో మగ్గినవాళ్ల సంగతేంటి?

మరి సర్దుకోనిది ఏది అంటే ఓటు. 1951 జనాభా లెక్కల్లో చదువొచ్చినవాళ్లు నూటికి 18 మంది చిల్లర, అలాంటి దేశంలో ఆస్తి చూడకుండా, చదువు చూడకుండా, ఆడా మగా తేడా లేకుండా 21 ఏళ్లు నిండిన ప్రతివాళ్లకీ ఓటు అన్నారు. చదువుకున్నవాళ్లకే ఇద్దాం, మెల్లగా పెంచుదాం అని బేరమాడి ఉంటే ఆ మెల్లగా అన్నది ఎప్పటికి పూర్తయ్యేదో. ఆర్టికల్ 17 కూడా అంతే, అంటరానితనం రద్దు, దానికి గడువూ లేదు, మినహాయింపూ లేదు. మీ హాస్టల్లో ఈ రెండూ చెప్పండి.

ప్రశ్న: రాజ్యాంగ సభలో మన తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా మేడమ్ అని మా అమ్మాయి స్కూల్లో అడిగితే టీచర్ గారు రేపు చెప్తానన్నారట.
– ఒక గృహిణి, గాజువాక

జవాబు: చాలామంది ఉన్నారమ్మా. టంగుటూరి ప్రకాశం, పట్టాభి సీతారామయ్య, ఎన్.జి.రంగా, నీలం సంజీవరెడ్డి అందరూ సభ్యులే. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి గారి గురించి మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి, సభలో ఉన్న కొద్దిమంది ఆడవాళ్లలో ఆవిడ గట్టిగా మాట్లాడిన మనిషి. ముసాయిదా కమిటీలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారిది నెల్లూరు జిల్లా పుట్టుక, మాధవరావు గారిది మచిలీపట్నం. పైన చెప్పిన ఆర్టికల్ 21 మార్పుని సమర్థించినవాళ్లలో అల్లాడి వారు కూడా ఒకరు, ఆ విషయంలో ఆయనతో నేను ఏకీభవించను, అయినా ఆయన లేకపోతే ఆ పుస్తకంలో అంత చట్ట పరిజ్ఞానం ఉండేది కాదు.

ప్రశ్న: మాది పాడేరు వైపు ఊరు, ఉద్యోగం విశాఖలో. ఏజెన్సీ భూమి గిరిజనేతరులు కొనకూడదన్నది రాజ్యాంగంలోంచే వచ్చిందా? అది రాసేటప్పుడు మావాళ్లని ఎవరైనా అడిగారా సార్?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: రెండో ప్రశ్న ముందు. నేరుగా అడగలేదండి. రాజ్యాంగ సభకి ప్రజలు ఓటెయ్యలేదు, రాష్ట్రాల శాసనసభ్యులు ఎన్నుకున్నారు, ఆ శాసనసభలకి ఓటు ఉన్నదేమో కొద్దిమందికే, అందులో మన్యం మనిషి ఓటు ఎంత? గిరిజన ప్రాంతాల సంగతి చూడ్డానికి ఠక్కర్ గారి అధ్యక్షతన ఒక ఉపసంఘం వేశారు, నిజమే. సభలో ఆదివాసుల తరపున గట్టిగా వినిపించిన గొంతు జైపాల్ సింగ్ ముండాది. 1946 డిసెంబర్లోనే లేచి, మీరు ఆదివాసులకి ప్రజాస్వామ్యం నేర్పనక్కర్లేదు, వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి అన్నారు.

మీ భూమికి ఆధారం రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే ఐదో షెడ్యూల్. గవర్నర్ అక్కడ భూమి బదలాయింపుని నిషేధించొచ్చు, వడ్డీ వ్యాపారాన్ని అదుపు చెయ్యొచ్చు. అయితే ఆ నిబంధనల మీద గిరిజన సలహా మండలిని సంప్రదిస్తే చాలు, వాళ్ల మాట వినాలని లేదు. రాజీ ఇక్కడ జరిగింది, నష్టపోయింది సభలో లేనివాళ్లు. పదిహేనేళ్లని గడువేం పెట్టలేదు దీనికి.

అయినా ఆ షెడ్యూల్ ఉండబట్టే భూమి బదలాయింపు మీద 1959 నిబంధన వచ్చింది, దాన్ని బిగించి 1/70, అంటే 1970 నాటి ఒకటో నిబంధన వచ్చింది. దాని ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుల నుంచి వచ్చిందనే లెక్క, కాదని అతనే రుజువు చేసుకోవాలి. మన అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో మైనింగ్ లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది, ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తి' కిందే లెక్క, కాబట్టి సర్కారు భూమైనా అక్కడ ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడానికి వీల్లేదని. దేశమంతా చెప్పుకునే తీర్పు అప్పటి మన విశాఖ జిల్లా కొండల్లోంచి వెళ్లింది. అదే ఐదో షెడ్యూల్ కింద ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని మాత్రం 2020లో కోర్టు కొట్టేసింది, వంద శాతం కుదరదని. ఆ తీర్పు నాకు నచ్చలేదు, మీ పిల్లలకి మీ భాష తెలిసిన టీచర్ కావాలన్నది న్యాయమైన కోరిక.

మీ ఊళ్లో ఎవరి పొలమైనా బినామీ పేరు మీద చేతులు మారిందని అనుమానముంటే 1/70 కేసులు చూసేది గిరిజన సంక్షేమం స్పెషల్ డిప్యూటీ కలెక్టర్, దరఖాస్తు అక్కడ పెట్టండి. పాత పట్టాలు, శిస్తు రసీదులు, అడంగల్ నకళ్లు ఏవుంటే అవి జత చెయ్యండి.