జింకల వేటకు రేంజ్‌ఫైండర్ కొంటున్న అల్లుడికి

అల్లుడూ,

పెన్సిల్వేనియాలో హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తయిందని, ఈసారి ముందు విల్లుతో, తర్వాత రైఫిల్‌తో అడవికి పోతావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్లన్నీ చూశా. ప్రతి దాని మీదా 1000 గజాలు, 2000 గజాలు అని పెద్దక్షరాలతో ఉంది. ఆ అంకెకు డబ్బు పెట్టొద్దు. కాంతిని బాగా తిప్పికొట్టే బోర్డుల మీద కొలిచిన దూరం అది. జింక ఒళ్లు లేజర్‌ను అంతగా వెనక్కి పంపదు, చెప్పినదాంట్లో సగమో మూడో వంతో వస్తే మంచిదే. అయినా ఆ ఓక్ చెట్ల మధ్య 150 గజాల అవతల నీకు కనిపించేది ఎంత?

అడవిలో సమస్యంతా అడ్డాలతోనే. ఆ పరికరం లేజర్ వదిలి, అది దేనికి తగిలి ఎంతసేపట్లో తిరిగొచ్చిందో లెక్కేసి దూరం చెప్తుంది. ముందున్న చిన్న రెమ్మకు తగిలినా దాని దూరమే చెప్పేస్తుంది, జింక 30 గజాల్లో ఉంటే నీకు 14 అని చూపిస్తుంది. అందుకే లాస్ట్ టార్గెట్ మోడ్ ఉన్నదే తీసుకో. దగ్గరి ఆకుల్ని వదిలేసి వెనకున్నదాన్ని పట్టుకుంటుంది. దాన్నీ గుడ్డిగా నమ్మకూడదు, జింక పక్కనుంచి లేజర్ జారితే వెనక చెట్టు దూరం చూపిస్తుంది. కాబట్టి స్కాన్ మోడ్ కూడా ఉండాలి. బటన్ నొక్కి పట్టి మెల్లగా తిప్పితే 14, 31, 31, 47 అని అంకెలు మారుతుంటాయి, ఏది కొమ్మో ఏది జింకో నీకే తెలిసిపోతుంది.

మీ ఫ్రెండ్ తన గోల్ఫ్ రేంజ్‌ఫైండర్ సగం ధరకు ఇస్తానన్నాడట, వద్దని చెప్పు. అది జెండా కర్రను పట్టుకోవడానికి చేసింది, ముందున్నదానికే మొగ్గు చూపుతుంది. అంతకంటే ముఖ్యం, వాలు లెక్క వేరు. గోల్ఫులో ఎత్తుకు కొట్టాలంటే దూరం పెంచి చెప్తుంది. బాణానికైనా తూటాకైనా ఎత్తుకు కొట్టినా పల్లానికి కొట్టినా అడ్డంగా ఉన్న దూరమే లెక్క, అది ఎప్పుడూ తక్కువే ఉంటుంది. ట్రీస్టాండ్ మీద, అంటే చెట్టుకు బిగించే మంచె మీద, 20 అడుగుల ఎత్తున కూర్చుని 20 గజాల అవతలున్న జింకను చూస్తే తేడా ఒక గజమే, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కానీ అక్కడి కొండవాలు మీద 30 డిగ్రీల పల్లంలోకి చూసినప్పుడు 30 గజాలు కనిపిస్తే 26కే కొట్టాలి. వేట పరికరాల్లో ఈ లెక్క లోపలే ఉంటుంది, విల్లు పట్టేవాడికి అది లేనిది కొననివ్వను.

ఇక డిస్‌ప్లే. జింకలు కదిలేది తెల్లవారుజామున, పొద్దుగుంకే వేళ. నల్ల అంకెల డిస్‌ప్లే అప్పుడు చెట్ల నీడలో కలిసిపోతుంది. ఎర్రగా వెలిగే అంకెలుండి, వెలుగు బాగా తగ్గించుకునే వీలుండాలి, లేకపోతే ఆ వెలుగుకే కళ్లు చెదిరి జింక కనపడదు. జూమ్ ఆరు రెట్లు చాలు. కొలవగల కనీస దూరం ఐదారు గజాలకు మించనిది చూడు, జింక ఒక్కోసారి చెట్టు కిందికే వచ్చేస్తుంది.

రైఫిల్ కోసమే అయితే ఇంత ఖర్చు అక్కర్లేదు. 200 గజాలకు గురి సరిచేసిన .308 రైఫిల్ తూటా 100 గజాల దగ్గర రెండంగుళాలు పైకి పోతుందేమో, అంతే. విల్లుకు అలా కాదు. గుండె, ఊపిరితిత్తులుండే చోటు ఎనిమిది, పది అంగుళాలే. 40లో ఉన్న జింకను 30 అనుకుని వదిలితే బాణం దాదాపు ఎనిమిది అంగుళాలు కిందికి పోతుంది. కాలికో పొట్టకో తగిలి ఆ జీవి రాత్రంతా నరకం పడుతుంది. నేను ఇంత రాస్తున్నది దాని కోసమే. దూరం తేలకపోతే విల్లు దించేయ్, ఆ జింక నీది కాదనుకో.

స్టాండ్ ఎక్కగానే ముందు చుట్టూ చెట్లు కొలుచుకో. ఈ బండ 18, ఆ వంకర చెట్టు 27, వాగు గట్టు 35 అని గుర్తుపెట్టుకో. జింక వచ్చాక చెయ్యి ఎంత తక్కువ కదిలితే అంత మంచిది. రైఫిల్ స్కోప్‌తో మాత్రం ఏదీ వెతకొద్దు, అవతల మనిషి ఉండొచ్చు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మన మామిడి తోటలో కంటితో దూరం చెప్పడం అలవాటు చేసుకో. తోతాపురి చెట్లు 33 అడుగులకు ఒకటి నాటాం, అంటే పదకొండు గజాలు, మూడో చెట్టుకు 33. ముందు నోటితో చెప్పు, తర్వాత టేపు పట్టి చూడు. తలకోన వైపు దుప్పులు, కణుతులు (సాంబార్ జింకలు) కనపడితే చూసి మురిసిపో, అంతే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇక్కడ వేట నేరం, సరదాకైనా ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తొద్దు.

అక్కడ కూడా రూల్స్ చూసుకో. విల్లుకే బిగించి గురి చూసే ఎలక్ట్రానిక్ సైట్లు కొన్ని రాష్ట్రాల్లో ఒప్పుకోరు, చేత్తో పట్టుకునేదే కొను. హెచ్1 మీదున్నావు కాబట్టి హంటింగ్ లైసెన్సు చెల్లుబాటులో లేకుండా తుపాకీ ముట్టుకోవద్దు, నీలాంటి వాళ్లకు ఫెడరల్ చట్టంలో ఉన్న మినహాయింపుల్లో అదొకటి. తుపాకీ కొనేముందు ఒకసారి లాయరును అడుగు.

బ్యాటరీ చాలావాటికి సీఆర్2 పడుతుంది. చలికి తొందరగా డీలా పడుతుంది, పరికరాన్ని జాకెట్ లోపలి జేబులో పెట్టుకుని, ఇంకో బ్యాటరీ దగ్గర ఉంచుకో. షాపులో లైట్ల కింద చూసి తీసుకోవద్దు, సాయంత్రం పోయి బయట చెట్ల వైపు పెట్టి చూడనివ్వమని అడుగు. ఏది తీసుకుంటున్నావో డబ్బు కట్టే ముందే నాకు పంపు.

మీ మామ, తిరుపతి