1/35 పీటీ-76 డయోరమాకి ముందుగా ఏ యాక్సెసరీ కిట్లు కొనాలి?

ట్రంపెటర్ కంపెనీ 1/35 (అసలు దానిలో 35వ వంతు సైజు) పీటీ-76 ట్యాంకు కిట్‌తో 1971 భారత్-పాక్ యుద్ధం నాటి గరీబ్‌పూర్ యుద్ధం డయోరమా (చిన్న దృశ్య నమూనా) చేయాలనుకుంటున్నారు. ఫొటో-ఎచ్ (పలచటి ఇత్తడి రేకు భాగాలు), మెటల్ బ్యారెల్ (ఫిరంగి గొట్టం), ట్రాకులు (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టాలు), రెజిన్ సామాన్లు అన్నీ కొంటే ఖర్చు కిట్ ధర దాటిపోతోంది, ఏది ముందు కొనాలి అని అడిగారు. నేనూ విశాఖలోనే ఉంటాను, ఇదే ట్యాంకుతో ఇదే యుద్ధం చేశాను. నన్నడిగితే డబ్బు ముందు ఫిగర్ల (సైనికుల బొమ్మల) మీద, తర్వాత ట్రాకుల మీద పెట్టండి. ఫొటో-ఎచ్ చివర్లో చూసుకోవచ్చు.

ఎందుకంటే, ఆ నవంబర్ 21 పొద్దున పొగమంచులో పాకిస్తాన్ షాఫీ ట్యాంకులను ఎదుర్కొన్నది మన 45 కావల్రీ ట్యాంకు దళం పీటీ-76లతో పాటు 14 పంజాబ్ కాల్బలం బెటాలియన్ కూడా. పీటీ-76ని చాలా దేశాలు వాడాయి, ట్యాంకు ఒక్కటే ఉంటే అది ఎవరిదో చూసేవాళ్ళకి తెలియదు. పక్కన మన జవాన్లు ఉంటేనే కథ అర్థమవుతుంది. పెట్టెల్లో దొరికే ఫిగర్లు ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్లు, అమెరికన్లు, రష్యన్లు. పంజాబ్ రెజిమెంట్‌లో సిక్కులు, డోగ్రాలు ఉంటారు కాబట్టి కొన్ని తలలకు తలపాగా మనమే చుట్టాలి. ఎం-సీల్‌ని సన్నని పట్టీలుగా చేసి చుడితే బాగానే వస్తుంది. చేతిలో ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ ఉండాలి. వియత్నాం యుద్ధంలోని ఆస్ట్రేలియా సైనికుల సెట్లలో వచ్చే తుపాకీ దాదాపు అదే.

ట్రాకులు ఎందుకంటే, పీటీ-76కి పక్కకి ఆరు చక్రాలు ఉంటాయి, పైన ట్రాకుని మోసే చిన్న చక్రాలు (రిటర్న్ రోలర్లు) ఉండవు. పై వరస ట్రాకు తన బరువుకి జారి చక్రాల మీద వాలుతుంది. బిగుతుగా ఉండే వినైల్ బెల్టు వేస్తే ఆ వాలు రాదు, ఎంత బాగా రంగు వేసినా బొమ్మలాగే కనిపిస్తుంది. ఒక్కో లింకు విడిగా అతికించే సెట్ కొనండి.

మెటల్ బ్యారెల్ తప్పనిసరి కాదు. కిట్ బ్యారెల్ అతుకుని జాగ్రత్తగా గీకి సానబెడితే చాలు. కొంటే మాత్రం మజిల్ బ్రేక్ (గొట్టం కొసన ఉండే భాగం) చూసి కొనండి: తొలి రకానికి వరసగా చీలికలు ఉంటాయి, తర్వాతి రకానికి రెండు పెద్ద కన్నాలు ఉంటాయి. జర్మన్ జెర్రీ క్యాన్ల (ఇంధనం డబ్బాల) సెట్ వాడితే వాటి మీద అచ్చయిన జర్మన్ అక్షరాలు గీకేయండి. ఆన్‌లైన్‌లో 1/35 అని అమ్మేవన్నీ 1/35 కావు. 20 లీటర్ల క్యాన్ ఈ స్కేల్‌లో 13 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ ఎత్తు ఉండాలి, స్కేలు పెట్టి కొలవండి. టార్పాలిన్ చుట్టలకి రెజిన్ కొనడం దండగ. టిష్యూ పేపర్, నీళ్ళు కలిపిన ఫెవికాల్ చాలు.

ఫొటో-ఎచ్ ఎక్కడ పనికొస్తుందంటే పలచటి రేకు ఉన్న చోట. ఒక మిల్లీమీటర్ మందం ప్లాస్టిక్ అంటే అసలు ట్యాంకు మీద మూడున్నర సెంటీమీటర్ల రేకు! అందుకే మడ్‌గార్డులు, హెడ్‌లైట్ కాపు కడ్డీలు ఇత్తడివి వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. లోపల దాగిపోయే వాటికి వద్దు. ఇత్తడిని గ్యాస్ స్టవ్ మంట మీద రంగు మారేదాకా చూపించి చల్లారనిస్తే మెత్తబడి సులువుగా వంగుతుంది. చిన్న ముక్కలు పట్టుకోవడానికి కురుపాం మార్కెట్ వైపు కంసాలి పనిముట్లు అమ్మే చోట సన్నమొన శ్రావణం అడగండి, హాబీ ట్వీజర్ కంటే నాకు అదే నచ్చింది. మన ఊరి తేమకి ఫెవిక్విక్ చాలా త్వరగా పట్టేస్తుంది, చుట్టూ తెల్లటి పొర కూడా వస్తుంది. సూది మొనతో చుక్క పెట్టండి, ఫ్యాన్ గాలి తగలనివ్వండి.

డయోరమా నేల కోసం అమ్మే సెట్లు అస్సలు కొనకండి. అలాగని బీచ్ ఇసుక కూడా వద్దు. అర మిల్లీమీటర్ రేణువు ఈ స్కేల్‌లో దాదాపు రెండు సెంటీమీటర్ల గులకరాయి అవుతుంది, పైగా ఉప్పు తేమ లాగి రంగు ఊడుతుంది. ఎర్రమట్టి దిబ్బల మట్టి జోలికి అసలే వెళ్ళకండి, అది కాపాడుకోవాల్సిన చోటు. యుద్ధం జరిగిన జెస్సోర్ (ఇప్పటి బంగ్లాదేశ్) వైపు నేల ఎరుపు కూడా కాదు, బూడిద కలిసిన గోధుమ రంగు ఒండ్రుమట్టి. కుండీ మట్టిని ఓవెన్‌లో ఎండబెట్టి, పలచటి గుడ్డలో జల్లించి, పైన ఆ రంగు వేయండి. వరి మోళ్ళకి కొబ్బరి పీచు ముక్కలు సరిపోతాయి. వాడేసిన టీ పొడి మాత్రం వద్దు, వానాకాలంలో ఇక్కడ బూజు పట్టేస్తుంది.