చింతగింజలు చేతికిచ్చి చూడండి

ప్రశ్న: మా మహిళా సంఘంలో పన్నెండు మందిమి. ఎప్పుడు కూర్చున్నా ఇద్దరు ముగ్గురే మాట్లాడతారు, మిగతావాళ్లు తలూపి వెళ్లిపోతారు. మొన్న బ్యాంకు లోను ఎవరికెంత అన్నదీ ఇట్లాగే తేల్చాం. ఇప్పుడు వాడకట్టంతా గుసగుసలు. లీడర్‌గా నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: చెల్లె, నర్సంపేట దగ్గర మా ఊరి సంఘానికి నేనూ ఆరేళ్లు లీడర్‌గా ఉన్నాను. ఒకసారి లోను అందరికీ సమానంగా పంచాలని తీర్మానం రాసి సంతకాలు పెట్టించాను. వారం తర్వాత ఒకామె బోరింగు దగ్గర కనిపించి, "నాకు ఆ పైసలు ఇప్పుడు అక్కరే లేకుండెనక్కా, ఊరికే మిత్తి కడుతున్న. బర్రె కొనేటామెకేమో సరిపోలే" అంది. మీటింగులో ఎందుకు చెప్పలేదంటే, "సందు దొరికితే కద" అంది. ఆ మాట చాలా రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు.

తర్వాత ఒక శిక్షణలో నేర్చుకుని ఇది మొదలుపెట్టాను. చాప మీద గుండ్రంగా కూర్చుని తలా మూడు చింతగింజలు తీసుకోవాలి. మాట్లాడిన ప్రతిసారీ ఒకటి మధ్యలో పళ్లెంలో వేయాలి. గింజలు అయిపోయినామె, అందరివీ అయ్యేదాకా వినాలి. మాటకు నిమిషం చొప్పున మీకు 36 నిమిషాలు. మొదటిసారి గట్టిగా మాట్లాడేవాళ్లవి ముందే అయిపోతాయి, మిగతావాళ్లు నేల చూస్తూ కూర్చుంటారు. అప్పుడు మీరు అందుకుని మాట్లాడొద్దు. నాకు అన్నిటికన్నా కష్టమైంది అదే.

అయినా నోరు పెగలకపోతే, ఒక నిమిషం ఎవరికి వారు ఆలోచించుకోమనండి. తర్వాత పక్కామెతో చెప్పుకోవాలి, ఆ తర్వాతే అందరి ముందు. 1981లో అమెరికాలో ఫ్రాంక్ లైమన్ తరగతి గదుల కోసం చెప్పిన పద్ధతి ఇది. అత్తల ముందు నోరు తెరవని కొత్త కోడళ్లకు బాగా పనికొచ్చింది.

ఇక వినడం. గింజల్లేక ఊరుకున్నామె విన్నదని నమ్మకం లేదు. మాటామాటా పెరిగితే సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ చెప్పిన నియమం పెట్టండి: అవతలామె ఏమందో ముందు మన మాటల్లో చెప్పాలి, ఆమె "ఔను, అదే" అన్నాకే మన జవాబు. కిస్తీ కోసం తగువు పడ్డ ఇద్దరితో ఇలాగే చేయించాను. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్ముడుపోయేదాకా గడువడుగుతోందే తప్ప ఎగ్గొట్టాలని కాదని రెండో ఆమెకు అప్పుడు అర్థమైంది.

పొదుపు లెక్కలకు ఇవేవీ అక్కర్లేదు. లోను సంగతి మాత్రం వచ్చే మీటింగులో మళ్లీ తెరవండి. మొదటి మాట అందరికన్నా తక్కువ మాట్లాడే ఆమెకివ్వండి. మీ మూడు గింజలు చివరిదాకా పళ్లెంలో వేయకండి.