ఇన్‌హేలర్ కేసులకు పోతున్న శ్రావణికి

హన్మకొండ

బిడ్డా శ్రావణీ,

ఢిల్లీలో పేటెంట్ లాయర్ల దగ్గర చేరుతున్నావని, అవీ ఇన్‌హేలర్ కేసులేనని మీ నాన్న చెప్పాడు. కాకతీయ యూనివర్సిటీలో ఫార్మసీ చదివిన పిల్లవు, నీకు కాక ఎవరికి చేతనవుతుంది? అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పేటెంట్ ఏజెంట్ పరీక్ష ముందు రాసెయ్యి. ఏ ఫైలైనా క్లెయిములతోనే, అంటే ఏది తమదని హక్కు అడుగుతున్నారో చెప్పే వాక్యాలతోనే, మొదలుపెట్టు. మందు పాతదే అయినా అది పీల్చే పరికరం మీద, డోసులు లెక్కపెట్టే మీటరు మీద వేరే పేటెంట్లుంటాయి, విడిగా వెతుకు. ఇన్ని శ్వాసల్లో ఇంత మందు అనే పద్ధతికి అమెరికాలో పేటెంట్ ఇస్తారు, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడికి పీల్చే ట్రెప్రోస్టినిల్ మందు తగవు అలాంటిదే. మన పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(ఐ) చికిత్స పద్ధతులకు ఇవ్వనివ్వదు.

ఊపిరితిత్తుల జబ్బుకు పీల్చే ఇండకాటెరాల్ మందు కేసు మాత్రం నిదానంగా చదువు. పేటెంట్ నోవార్టిస్‌ది. అది ఉండగానే 2014లో సిప్లా అదే మందు తన పేరుతో అమ్మకానికి పెట్టింది. నోవార్టిస్ దిగుమతి చేసేది రోగులకు ఏ మూలకూ చాలదని సిప్లా వాదించింది. 2015 జనవరిలో ఢిల్లీ హైకోర్టు అమ్మకం ఆపమంది, 2017లో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ కూడా అదే మాట. పేటెంట్ చెల్లదని నిలబెట్టాల్సిన చోట, మందు చాలడం లేదన్న బాధ మీద బరువంతా వేయడం తప్పని నా అభిప్రాయం. మందు చాలకపోతే పేటెంట్ల కంట్రోలర్ దగ్గర కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకున్నా ఆ మందు తయారుచేసే అనుమతి, అడిగే దారి చట్టంలోనే ఉంది.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, నీకూ ఆ బాధే ముందు తన్నుకొస్తుంది. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి దుమ్ములో పనిచేసి వచ్చిన మీ తాత, రోటాహేలర్ తిప్పి పీల్చాక ఖాళీ క్యాప్సూల్ ముక్కలను అరచేతిలో దులిపి, పొడి ఇంకా మిగిలిందేమో చూసుకునేవాడు. నెలాఖరుకి రెండు పూటల మందు ఒక పూటకే. మా బాపు కష్టం తలుచుకుంటే నాకిప్పటికీ కోపమొస్తుంది. కానీ అదే చట్టం సెక్షన్ 25లో పేటెంట్ మీద అభ్యంతరానికి చెప్పిన కారణాల్లో ధర లేదు తల్లీ. అది కొత్తది కాదని చూపే పాత పరిశోధన పత్రాలు వెతికి పెట్టు. పేటెంట్ ఇవ్వకముందు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. ఇచ్చాకైతే, ఇచ్చినట్టు ప్రచురించిన ఏడాదిలోపే, అదీ సంబంధం ఉన్నవాళ్లే. తారీఖు దాటనివ్వకు.

ఇంకొకటి. నీకూ చిన్నప్పటి నుంచి ఆయాసమే. నవంబరులో ఢిల్లీ గాలి ఎట్లుంటుందో తెలుసు కదా? పోయేముందు ఛాతీ డాక్టరుకు చూపించుకో, ఇన్‌హేలర్‌కి తగిలించే స్పేసర్ గొట్టం బ్యాగులోనే పెట్టుకో. కాస్త తేలికపడగానే రోజూ పీల్చే మందు మానేసే అలవాటు నీది, ఈసారి అట్లా చేస్తే ఊరుకోను. మొదటి అభ్యంతరం రాసినప్పుడు నాకు పంపు, అర్ధరాత్రయినా చదివి పెడతాను.

మీ పెదనాన్న