ప్యాంట్రీ వంటగదిలోనా, నడవా అవతలా? రెండింటితోనూ వంట చేసినదాన్ని చెబుతున్నాను

మీ ప్రశ్న చదువుతుంటే మా మొదటి ఇల్లు గుర్తొచ్చింది. వంటగది కొత్తగా చేయిస్తున్నామని, ప్యాంట్రీకి, అంటే వంట సరుకులు దాచుకునే చోటికి, రెండు జాగాలు కుదురుతున్నాయని రాశారు. ఒకటి వంటగదిలోనే ఫ్రిజ్ పక్కన నేల నుంచి పైకప్పు దాకా నిలువు అల్మరా, రెండోది నడవా దాటాక విడిగా ఒక చిన్న గది. గదిలో అయితే అన్నీ పడతాయి, అల్మరా అయితే చేతికందుతుంది, ఏది తీసుకోమంటారని అడిగారు. నేను ఏడేళ్లు గదితో నెట్టుకొచ్చాను, ఇప్పుడు అల్మరాతో ఐదో ఏడు నడుస్తోంది. మధ్యలో ఒక పెద్ద తప్పు చేశాను, అదీ చెబుతాను.

ముందు జవాబు చెప్పేస్తాను. నేనైతే అల్మరా తీసుకుంటాను, కానీ గదిని కూడా వదులుకోను.

మొదటి ఇంట్లో ప్యాంట్రీ గది బండి నిలిపే చోటి నుంచి లోపలికొచ్చే తలుపు పక్కనే ఉండేది. సరుకుల సంచులు దించి రెండడుగులు వేస్తే గదిలో ఉన్నట్టే. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. మేమూ మురిసిపోయాం. వంట మొదలుపెట్టాక తెలిసింది అసలు సంగతి. ప్యాంట్రీకి నడిచే నడకలు రెండు రకాలు: సరుకులు తెచ్చి సర్దే నడక, వండుతూ వండుతూ తెచ్చుకునే నడక. మొదటిది వారానికోసారి. రెండోది పూటకి అయిదారుసార్లు. మేం మొదటి నడకని చూసుకుని మురిసిపోయి, రెండోదాన్ని మర్చిపోయాం.

ఒకరోజు మూకుడులో ఉల్లిపాయలు వేగుతున్నాయి. ఉప్పు డబ్బా మూత తీస్తే అడుగున అరచెంచా కూడా లేదు. చేతులు తడి. స్టవ్ మంట తగ్గించాననుకుని పరుగెత్తాను. నడవా దాటి, మోచేత్తో లైటు స్విచ్ నొక్కి, ఉప్పు ప్యాకెట్ కోసం పై అర వెతికి, అది కింది అరలో దొరికి, తిరిగొచ్చేసరికి ఉల్లిపాయలు బొగ్గులయ్యాయి. తగ్గించింది పక్క బర్నర్ మంట! ఆ కోపంలో ప్యాంట్రీ తలుపు మీద ఒక కాగితం అంటించి, పెన్సిలు దారంతో వేలాడదీశాను. లోపలికి వెళ్లినప్పుడల్లా ఒక గీత, దేనికోసమో ఒక మాట. వారం తిరిగేసరికి 73 గీతలు. స్టవ్ నుంచి ఆ గదికి 14 అడుగులు, రాను పోను 28. వారానికి రెండు వేల అడుగులు దాటాయి. మా ఆయన అయితే వాకింగ్ మానేయొచ్చుగా అన్నారు.

అయితే ఆ కాగితం వల్ల ఒక మేలు జరిగింది. సగానికి పైగా గీతలు నాలుగే నాలుగు వస్తువుల కోసం: ఉప్పు, చక్కెర, నూనె, బియ్యం. వాటిని చిన్న డబ్బాల్లోకి మార్చి స్టవ్‌కి జానెడు దూరంలో ఒక అరలో పెట్టాను. మరుసటి వారం గీతలు ముప్ఫైకి దిగాయి. ఒక్క మేకు కూడా కొట్టకుండా సగం తలనొప్పి పోయింది. ప్యాంట్రీ దూరంగా ఉండడం కాదు, రోజూ వాడేవీ నెలకోసారి తీసేవీ ఒకేచోట పెట్టడమే అసలు తప్పని అప్పుడర్థమైంది.

వంటగది డిజైన్ చరిత్రలో ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు లెండి. 1926లో మార్గరెటె షుట్టె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ గీసిన ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్ గురించి చదివాను. సుమారు 1.9 మీటర్లు వెడల్పు, 3.4 మీటర్లు పొడవున్న ఇరుకు వంటగది అది. అందులో పొడి సరుకులకి అల్యూమినియం సొరుగులు పెట్టారు, ఒక్కోదాని మీద లోపలున్న సరుకు పేరు రాసి ఉండేది. సొరుగు బయటికి లాగి, పిడి పట్టుకుని, ముక్కు లాంటి చివర నుంచి నేరుగా గిన్నెలోకి ఒంపుకోవచ్చు. మూత తీయడం, చెంచా వెతకడం ఏమీ లేదు. రోజూ వాడేది చేతి కింద ఉండాలన్న లెక్క అది.

మీ డిజైనర్ తప్పకుండా ‘వర్క్ ట్రయాంగిల్’ అనే మాట అంటారు. 1940లలో అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు పెంచి పోషించిన లెక్క అది. సింక్, స్టవ్, ఫ్రిజ్ మూడింటినీ గీతలతో కలిపితే ఒక్కో గీత 4 నుంచి 9 అడుగులు, మూడూ కలిపి 13 నుంచి 26 అడుగుల మధ్య ఉండాలంటారు. మంచిదే. నా అభ్యంతరం ఏంటంటే, అందులో ప్యాంట్రీ ఊసు లేదు. కూరగాయలకి, పాలకి ఫ్రిజ్ దగ్గరికి వెళ్తాం సరే, మిగతావాటికి ఎక్కడికి వెళ్తాం? అందుకే నేను ఫ్రిజ్‌నీ ప్యాంట్రీనీ కలిపి ఒకే మూల అనుకుంటాను. రెండూ పక్కపక్కన ఉంటే సరుకులు సర్దడమూ ఒకేచోట, వంటకి తీసుకోవడమూ ఒకేచోట. మీ అల్మరా ఫ్రిజ్ పక్కనే అన్నారు కాబట్టి ఆ విషయంలో మీ ప్లాన్ నాకు నచ్చింది.

ఇక నా తప్పు. రెండో ఇంట్లో గది వద్దు, అంతా చేతికందాలి అని పట్టుబట్టాను. డిజైనర్ సరేనని నిలువు అల్మరాని తీసుకెళ్లి సింక్‌కీ స్టవ్‌కీ నడుమ పెట్టాడు. కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉంది, ఎటు తిరిగినా అల్మరా అందుతుంది. కట్టాక చూస్తే వంటగట్టు రెండు ముక్కలైంది. సింక్ పక్కన అడుగున్నర, స్టవ్ పక్కన రెండడుగులు. కూరగాయల పీట పెడితే గిన్నెకి చోటు లేదు, గిన్నె పెడితే పీటకి లేదు. కడిగిన కూరలు నీళ్లు కారుతూ అల్మరా ముందునుంచి అవతలికి మోసుకెళ్లాలి. అంతటితో అయిపోలేదు. స్టవ్ వైపున్న అల్మరా పక్క చెక్క రోజూ వెచ్చగా అయ్యేది. దాన్ని ఆనుకుని ఉన్న నూనె సీసాలు నెల తిరక్కుండానే సిక్కు వాసన కొట్టాయి. నూనెకి వేడీ వెలుతురూ రెండూ పడవని తెలుసు, కానీ మూసి ఉన్న అల్మరాలో వేడేంటని అనుకున్నాను.

ఎనిమిది నెలలు భరించి, ఊడదీయించి గట్టు చివరికి, ఫ్రిజ్ పక్కకి జరిపించాం. ఒక చెక్క చీలింది, టైల్స్ రెండు పగిలాయి, వారం పాటు ఇంట్లో పొడి. అందుకే చెబుతున్నాను, నిలువు అల్మరా ఏదైనా గట్టు చివర ఉండాలి, నడిమధ్య వద్దు. సింక్‌కీ స్టవ్‌కీ మధ్య గట్టు ఎంత పొడుగ్గా, తెంపు లేకుండా ఉంటే వంట అంత సుఖం. ఇందులో మాత్రం డిజైనర్ ఎంత చెప్పినా వినకండి.

మళ్లీ గది విషయానికొస్తే, దాన్ని తిట్టిపోయడం అన్యాయం. ఆ గది ఎండ తగలని గోడ వైపు ఉండేది. ఫ్రిజ్‌లు లేని కాలంలో తిండి దాచే గదుల్ని చల్లటి వైపున కట్టుకునేవాళ్లు. భూమధ్యరేఖకి పైనున్న దేశాల్లో అది ఉత్తరపు గోడ, కిందున్న దేశాల్లో దక్షిణపు గోడ. మా గదిలో బంగాళాదుంపలు వారాల తరబడి మొలకెత్తకుండా ఉండేవి. ఇప్పుడు అల్మరాలో పెడితే పది రోజులకే మొలకలు. పిండికి పురుగు పట్టడం కూడా అక్కడ తక్కువ. వెచ్చదనం ఉంటే పురుగులు త్వరగా పెరుగుతాయి కదా. ఇంకో సుఖం, వంట ఆవిరి, జిడ్డు డబ్బాల మీదికి రావు.

దాని పాపాలూ ఉన్నాయి. అరలు రెండడుగుల లోతు పెట్టించాం, ఎక్కువ పడతాయని. వెనక వరసలో ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. ఇల్లు మారేటప్పుడు ఒకే రకం పిండి ప్యాకెట్లు నాలుగు బయటపడ్డాయి, మూడింటికి గడువు దాటిపోయింది. లేదనుకుని కొన్నవే అన్నీ. గదిలో అర లోతు 12 అంగుళాలు, మహా అయితే 14 ఉంటే చాలు. ఒక వరస డబ్బాలు, దాని వెనక ఇంకో చిన్న వరస, అంతే. అదే అల్మరా అయితే మామూలుగా 24 అంగుళాల లోతు ఉంటుంది, అందులో లాగే ట్రేలు పెట్టించుకోండి. నిలువునా మొత్తం బయటికి వచ్చే పుల్ అవుట్ కూడా చూపిస్తారు, రెండు వైపుల నుంచీ కనబడుతుంది, బాగుంటుంది. కానీ నిండా సరుకులుంటే ఒక మనిషి బరువంత అవుతుంది, రెయిల్స్ నాసిరకం అయితే ఏడాదికే కుంగుతుంది. ట్రేలే నయం, ఒకటి పాడైనా మిగతావి పనిచేస్తాయి.

ఇద్దరు వండే ఇల్లు అయితే ఇంకో విషయం. మా ఇంట్లో అత్తయ్య, నేను ఇద్దరం వంటగదిలో ఉంటాం. పిల్లలు చిరుతిండి కోసం గంటకోసారి వస్తారు. అల్మరా నడిమధ్య ఉన్న రోజుల్లో వేడి గిన్నె పట్టుకుని తిరిగేసరికి మోకాళ్ల దగ్గర ఒక తల తగిలేది. భయం వేసేది. ఇప్పుడు అల్మరా వంటగది గుమ్మం పక్కనే ఉంది కాబట్టి వాళ్లు లోపలికి రాకుండానే కావలసింది తీసుకుపోతారు. నడిచే దారి ఒక్కరు వండితే 42 అంగుళాలు, ఇద్దరైతే 48 ఉండాలని డిజైనర్లు చెప్పే లెక్క అనుభవంలో నిజమే అనిపించింది. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, వంగలేరు. అందుకే బియ్యం డబ్బా, నూనె క్యాన్ లాంటి బరువులు నడుము ఎత్తున, తేలికవి పైన, పిల్లలవి కింద పెట్టాం. బరువైనవి అట్టడుగున పెట్టాలని అందరూ అంటారు గానీ, రోజూ ఎత్తే బరువైతే ఆ మాట నేను ఒప్పుకోను.

మూల ప్యాంట్రీ మీరు అడగలేదు, అయినా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. మా చెల్లెలి ఇంట్లో ఉంది. మూలలో చేయి దూరని అల్మరా బాధ తప్పుతుంది నిజమే, కానీ రెండు గోడల వైపూ నాలుగేసి అడుగులు తినేస్తుంది. పెద్ద వంటగది అయితేనే.

అల్మరా అనుకున్నాక చూసుకోవలసింది పక్కనే సామాను దింపే చోటు. ఫ్రిజ్ పిడి ఉన్న వైపు కనీసం 15 అంగుళాల గట్టు ఉండాలంటారు, ప్యాంట్రీకి కూడా అదే కొలత పెట్టుకోండి. మూడు డబ్బాలు ఒక చేత్తో పొదివి పట్టుకుని, నాలుగోదాన్ని గడ్డంతో అదిమిపెట్టి నడవడం నేను చేశాను, బాగుండదు.

గదిని వదులుకోను అన్నాను కదా. దానికి రంగు, డిజైన్ ఏమీ అక్కర్లేదు. గోడకి బల్లలు కొట్టించి, గాలి ఆడేలా పైన చిన్న జాలీ, తలుపు తీస్తే వెలిగే లైటు ఒకటి పెట్టించండి. నెలకోసారి తీసేవి, పెద్ద గిన్నెలు, బంగాళాదుంపలు అక్కడ. దుంపలు మాత్రం చీకటిగా ఉండే మూలలో, వెలుతురు తగిలితే పచ్చబడతాయి. మిగతా రోజువారీ సరుకంతా అల్మరాలో. బయటి గోడకి ఆనించి బల్లలు కొట్టించేటప్పుడు ముందు చెమ్మ ఉందేమో చూసుకోండి. మా గదిలో ఒక వానాకాలం అంతా చక్కెర డబ్బా అడుగున తడి ఎక్కడి నుంచి వస్తోందో తెలియక జుట్టు పీక్కున్నాను.

కట్టే ముందు ఒక పని చేయండి. నేల మీద టేపు అంటించి అల్మరా, ఫ్రిజ్, గట్టు కొలతలు గీయండి. అట్టపెట్టెల్ని అల్మరా చోట నిలబెట్టండి. మీరు రోజూ చేసే వంట ఒకటి ఉత్తుత్తిగా చేస్తూ ఉప్పుకీ నూనెకీ బియ్యానికీ నిజంగానే నడవండి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనీయండి. మేం ఇది అల్మరా జరిపించేటప్పుడు చేశాం, పావుగంట పట్టింది. మొదటిసారే చేసి ఉంటే టైల్స్ పగిలేవి కావు.

ఇంకొకటి, మీ ప్లాన్‌లో ఫ్రిజ్ తలుపు ఎటు తెరుచుకుంటుందో రాయలేదు. ఫ్రిజ్ తలుపూ అల్మరా తలుపూ ఒకదానికొకటి ఎదురుగా తెరుచుకుంటే ఒకటి మూస్తే గానీ రెండోది రాదు. మాకు మొదట అలాగే అయింది, కీళ్లు మార్పించాల్సి వచ్చింది. తలుపు ఎంత వెడల్పో ముందు అంత నేల ఖాళీగా ఉండాలి, 24 అంగుళాల ఒంటి తలుపు బదులు 12 అంగుళాల రెండు రెక్కలు పెట్టిస్తే ఆ బాధ సగం తగ్గుతుంది. ఫ్రిజ్ తలుపు ఏ వైపుకో, మీ ఇంట్లో వండేది ఎందరో రాయండి, దాన్ని బట్టి ఇంకా చెబుతాను.