ఇందిరను ఎవరూ క్షమించనక్కర్లేదు

ఈసారి ఉత్తరాలన్నీ పుస్తకాల గురించే. కొన్నింటికి వివరంగా, కొన్నింటికి క్లుప్తంగా జవాబిస్తున్నాను.

ప్రశ్న: ఈమధ్య చదివిన నవలల్లో మీకు బాగా నచ్చింది ఏది? కారణం కూడా చెప్పండి.

జవాబు: డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ‘కాలాతీత వ్యక్తులు’. 1950ల చివర్లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. చదివి చాలా రోజులైనా అందులోని ఇందిర నా తలలోంచి కదలడం లేదు.

ఇందిర ఉద్యోగం చేస్తుంది. బాధ్యత తెలియని తండ్రిని పోషిస్తుంది. తనకేం కావాలో తనకు తెలుసు, అది దాచుకోదు. ప్రకాశం కావాలనుకుంటుంది. అతను మెడిసిన్ చదువుతున్న మంచి కుర్రాడే కానీ, ఒక మాట మీద నిలబడే శక్తి లేదు. నవలలోని మరో అమ్మాయి కల్యాణి విషయంలో ఇందిర స్వార్థంగానే ప్రవర్తిస్తుంది. వేరే రచయితైతే ఇలాంటి అమ్మాయికి చివర్లో ఏ జబ్బో తెప్పించేవారు, లేదంటే కన్నీళ్లతో పశ్చాత్తాపపడేలా చేసేవారు. శ్రీదేవి ఆ రెండూ చేయలేదు. ఇందిరకు దెబ్బ తగులుతుంది. లేచి కృష్ణమూర్తిని పెళ్లి చేసుకోవాలని తనే నిర్ణయించుకుంటుంది. ఎవరినీ క్షమాపణ అడగదు. పాఠకుల్ని అసలే అడగదు.

చాలామందికి కల్యాణి ఇష్టం. నాకూ ఆమె మీద జాలి ఉంది. కానీ కల్యాణి కష్టాల దగ్గర పేజీలు గబగబా తిప్పాను, ఇందిర వచ్చిన చోటల్లా ఆగి రెండోసారి చదివాను. నవలలో లోపమే లేదనను. డాక్టర్ చక్రవర్తి వచ్చాక కల్యాణి కథ మరీ సులువుగా ఒడ్డుకు చేరినట్టు అనిపించింది. అయినా రచయిత్రి రాసిన ఒకే ఒక్క నవల ఇది. 1961లో, ముప్ఫైల మొదట్లోనే ఆవిడ పోయారు. ఇంకో నవల రాసి ఉంటే ఎలా ఉండేదో అన్న దిగులు నన్ను వదలడం లేదు.

ప్రశ్న: దాని ఆధారంగా వచ్చిన సినిమా చూస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. 1963లో వచ్చిన ‘చదువుకున్న అమ్మాయిలు’ సరదాగా చూడొచ్చు. నవలలోని ఇందిరను మాత్రం అందులో వెతక్కండి.

ప్రశ్న: బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ గొప్పదని అందరూ అంటారు. నేను సగం కూడా చదవలేకపోయాను. తప్పు నాదేనా?

జవాబు: కాదండీ. కథానాయకుడు దయానిధి బుర్రలోనే అన్ని పేజీలు గడపడం అందరి వల్లా కాదు. ఆ వాక్యాల అందం నాకు చాలా ఇష్టం. కానీ కోమలి, అమృతం, సుశీల, ఇందిర (ఈమె వేరే ఇందిర) ఎంతసేపూ అతని ఆలోచనల్లో కనిపించే మనుషులుగానే ఉంటారు, వాళ్ల మనసులో ఏముందో వాళ్ల నోటితో వినాలని నాకు కోరిక. తల్లి గురించి లోకం అనే మాటలు అతన్ని పెద్దయ్యాక కూడా వెంటాడే తీరు మాత్రం అద్భుతం. దానికోసమైనా మరోసారి ప్రయత్నించండి. అప్పటికీ నచ్చకపోతే నిర్మొహమాటంగా పక్కన పెట్టేయండి.

ప్రశ్న: ఆత్మకథల్లో సొంత డబ్బా ఎక్కువని నేను చదవను. మీరేమంటారు?

జవాబు: కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ చదివి అప్పుడు చెప్పండి. 2012లో అది అచ్చయ్యేనాటికి ఆవిడకు తొంభై దాటాయి. బాల వితంతువు, పునర్వివాహం, కమ్యూనిస్టు పార్టీ, రహస్య జీవితం. ఆ తర్వాత భర్త విడిచి వెళ్లాడు. ముప్ఫై ఏళ్లు దాటాక మళ్లీ చదువుకుని, హాస్టల్ మేట్రన్‌గా పనిచేసి తన కాళ్ల మీద నిలబడ్డారు. కొడుకునీ కూతురినీ పోగొట్టుకున్నారు. ఇందులో ఏ ఒక్కటి జరిగినా మనిషి నిందలతో పుస్తకం నింపేయొచ్చు. ఆవిడ జరిగింది జరిగినట్టు, పక్కన కూర్చుని చెబుతున్నంత మామూలుగా చెబుతారు. అంత కోపం రావాల్సిన చోట గొంతు పెంచకపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. నాకు మరీ నచ్చింది, పార్టీ మీద ప్రేమనూ పార్టీ వల్ల కలిగిన బాధనూ రెండింటినీ దాచకపోవడం. ఒకటి చెప్పడానికి రెండోదాన్ని తుడిచేయలేదు.

ప్రశ్న: పెద్ద నవలలు చదివే తీరిక లేదు. చిన్నది ఏదైనా చెప్పండి.

జవాబు: డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. ఒక ముసలివాడు, ఈనబోతున్న పంది, అడవిలో ఒక రాత్రి. అంతే కథ. ముసలివాడు గొప్పవాడనీ రచయిత అనడు, పాపం అనీ అనడు. చీకట్లో అతను వేసే ప్రతి అడుగూ చూపిస్తాడు. నాకైతే టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. ముగింపు ఇక్కడ చెప్పను. ఒక్కపూటలో అయిపోతుంది. మధ్యలో ఎవరూ పిలవని సమయం చూసుకుని మొదలుపెట్టండి.