ఎకో టూరిజం చోట్లకు వచ్చేవాళ్లు, వాళ్ల ఉద్దేశాలు కాలంతో ఎలా మారతాయి?

అడవి పెద్దగా మారకపోయినా వచ్చే జనం మారిపోతారు. ముందు వచ్చేది పక్షుల పిచ్చి, మొక్కల పిచ్చి ఉన్న కొద్దిమంది. గది దొరక్కపోయినా, జలగలు పట్టినా వాళ్లకు లెక్కలేదు. వాళ్ల వల్ల ఆ చోటు పేరు నలుగురికీ తెలుస్తుంది. రోడ్డు బాగుపడి, కాటేజీలు లేచాక కుటుంబాలు, ఆఫీసు బ్యాచ్‌లు దిగుతాయి. డఫస్, డియర్డెన్ అనే పరిశోధకులు 1990లోనే ఈ వరసను వివరించారు: నిపుణులు తగ్గుతారు, మామూలు సందర్శకులు పెరుగుతారు. రద్దీ నచ్చని పాతవాళ్లు ఇంకో మూల వెతుక్కుంటారు.

మన మారేడుమిల్లినే చూడండి. అక్కడి అడవిలో హార్న్‌బిల్ కోసం తెల్లవారుజామున బైనాక్యులర్ పట్టుకుని కూర్చునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఆదివారం రోడ్డు పక్కన ఆగే కార్లలో ఎక్కువ భాగం బొంగు చికెన్ కోసమే. నిప్పుల మీద వెదురు బొంగు నల్లబడుతుంటే చుట్టూ పది ఫోన్లు లేస్తాయి. తప్పని అనను, చికెన్ నిజంగానే బాగుంటుంది! పైగా ఆ డబ్బులో కొంత స్థానికులకే చేరుతుంది. చిక్కల్లా ప్లాస్టిక్‌తో, పాటల స్పీకర్లతో. ముందొచ్చిన కొద్దిమందికి చెప్పకుండానే తెలిసిన మర్యాదను ఇప్పుడు బోర్డులు పెట్టి, జరిమానాలు వేసి నేర్పాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. చోటు విషయంలో ఇలా జరిగితే, మనిషి విషయంలో తరచుగా రివర్స్! మొదటిసారి సెల్ఫీ కోసం వెళ్లినవాడే నాలుగోసారి గైడ్‌ను పట్టుకుని "ఆ కూత ఏ పిట్టది?" అని అడుగుతాడు.